రోజూ ఓఎంఆర్, అప్పుడప్పుడూ ట్రాక్: పోలో బ్రేకుల్లో ఏం మార్చాలి?

#1 · ఓఎంఆర్_పోలో · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2018 పోలో జీటీ టీఎస్ఐ, డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేరుబాక్సు). కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇల్లు మడిపాక్కం, ఆఫీసు షోళింగనల్లూరు. వారమంతా చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్కే. ఇంజను, సస్పెన్షను అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి, ఏదీ ముట్టుకోలేదు.

మొన్న ఇరుంగాట్టుకోట్టై రేస్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకి (సొంత కార్లు ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లాను. మొదట్లో అంతా బాగానే ఉంది. కొన్ని ల్యాపులయ్యాక మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేక్ మీద కాలు పెడితే పెడల్ రోజూ ఆగేచోట ఆగలేదు, ఇంకా కిందికి దిగిపోయింది. గబగబా రెండోసారి తొక్కితే అప్పుడు పట్టింది. ఆ ఒక్క క్షణం గుండె గొంతులోకొచ్చింది. స్పీడ్ తగ్గించి మెల్లగా పిట్‌లోకి వచ్చేశాను. ముందు చక్రాల దగ్గర ఘాటుగా కాలిన వాసన.

మర్నాడు ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే, "ఈ బండికి కంపెనీ బ్రేకులు చాలవు సార్, నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు, చిల్లులున్న పెద్ద డిస్కులు వేసేద్దాం" అన్నారు. క్యాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టే భాగమట. చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. ఇదే బండిలో అమ్మానాన్నలను తిరుమల తీసుకెళ్తాను, పండక్కి నెల్లూరు వెళ్తాను. ట్రాక్‌కి మాత్రం ఏడాదిలో కొన్నిసార్లయినా వెళ్లాలని ఉంది. రెండింటికీ పనికొచ్చేలా ఏం మార్చాలి? ఏది ముందు, ఏది తర్వాత?

#2 · సూళ్లూరుపేట_టర్బో · ఆదివారం రాత్రి 10:05

బ్రో, ముందు నువ్వు క్షేమంగా బయటపడ్డావు, అది చాలు. వర్క్‌షాప్ వాళ్లు చెప్పింది తప్పేం కాదు, కాకపోతే అంత ఖర్చు అక్కర్లేదు. ఆక్టేవియా, లారా బండ్ల క్యాలిపర్లు, 288 మి.మీ. డిస్కులు పోలోకి వేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పాత సామాను దొరికే పుదుప్పేటలో ఓపిగ్గా తిరిగితే సెకండ్ హ్యాండ్ క్యాలిపర్లు, బ్రాకెట్లు దొరుకుతాయి. డిస్కులు మాత్రం కొత్తవి వేసుకో. డిస్కు పెద్దదైతే వేడిని తట్టుకుంటుంది. సింపుల్.

#3 · లైనింగ్_ఇంజనీర్ · ఆదివారం రాత్రి 10:48

ఓఎంఆర్_పోలో గారూ, ఏదైనా కొనే ముందు ఒక్క విషయం సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ క్షణంలో పెడల్ మెత్తగా కిందికి దిగిందా, లేక గట్టిగానే ఉండి ఎంత తొక్కినా బండి ఆగలేదా? ఇవి రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

పెడల్ మెత్తబడి, పంప్ చేస్తే మళ్లీ పట్టిందంటే బ్రేక్ ఆయిల్ మరిగింది. ద్రవాన్ని ఎంత నొక్కినా కుదించుకుపోదు, ఆవిరి మాత్రం కుదించుకుపోతుంది. క్యాలిపర్‌లో ఆవిరి బుడగలు పుట్టాక మీ కాలి బలమంతా వాటిని నొక్కడానికే పోతుంది, ప్యాడ్ దాకా రాదు.

పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్ పని. ప్యాడ్‌లోని రెసిన్ తన హద్దు దాటి వేడెక్కి, పట్టు పోతుంది.

ఇంకో రెండు ప్రశ్నలు. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? ముందు ప్యాడ్లు ఇంకా ఎంత మందం ఉన్నాయి?

#4 · ఓఎంఆర్_పోలో · ఆదివారం రాత్రి 11:15

మెత్తగానే దిగింది సార్, అందులో అనుమానం లేదు. పంప్ చేశాకే పట్టింది. ఇప్పుడు కూడా పెడల్ ఇదివరకటి కంటే కాస్త స్పాంజిలా ఉంది. పాత ఓనర్ ఇచ్చిన సర్వీస్ పుస్తకం తిరగేశాను. ఇంజనాయిల్, ఫిల్టర్ల ఎంట్రీలు ఉన్నాయి గానీ బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు. ప్యాడ్లు రేపు పొద్దున చక్రం విప్పి చూసి చెప్తాను.

#5 · లైనింగ్_ఇంజనీర్ · సోమవారం ఉదయం 7:20

అయితే మీకు సగం జవాబు దొరికినట్టే. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు వేడి లెక్క. డ్రైవరుతో కలిపి మీ బండి 1200 కిలోలు అనుకుందాం. ట్రాక్ మీద 160 నుంచి 80కి తగ్గించారంటే దాదాపు 9 లక్షల జౌళ్ల శక్తి కొన్ని సెకన్లలో వేడిగా మారాలి. మన చెన్నై కుళాయి నీళ్లు మూడు లీటర్లు తీసుకుని మరిగించడానికి సుమారు అంతే వేడి కావాలి. ఇందులో రమారమి 70 శాతం ముందు బ్రేకుల మీదే పడుతుంది. ఒక్కో డిస్కు 5 కిలోలు ఉందనుకుంటే, ఆ ఒక్క బ్రేకింగ్‌కే డిస్కు వేడి 130 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అది చల్లారేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది, దాని మీద ఇంకో వడ్డింపు. అదే ఓఎంఆర్‌లో 60 నుంచి ఆగారనుకోండి, మొత్తం శక్తి లక్షా 67 వేల జౌళ్లే. స్పీడ్ రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది, అందుకే ఊళ్లో ఏ లోటూ కనపడని బ్రేకులు ట్రాక్‌లో చేతులెత్తేస్తాయి.

ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ వెనక రేకు నుంచి పిస్టన్‌కి, పిస్టన్ నుంచి ఆయిల్‌కి వెళ్తుంది. డాట్ 4 ఆయిల్ (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌కి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205, 140. డాట్ 5.1 అయితే 260, 180. చెన్నై గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌తో ట్రాక్‌లోకి దిగితే ఏ కంపెనీ క్యాలిపర్ వేసినా పెడల్ కిందికి పోయేదే.

కాబట్టి మొదటి పని కొత్త ఆయిల్. ట్రాక్ కోసమే చేసినవి ఉన్నాయి. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా 312 డిగ్రీలు, తేమ చేరాక 204 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇది వేస్తే రెండేళ్లదాకా ఉంచుకోవద్దు, ట్రాక్ సీజన్ ముందు ఏటా మార్చండి. ఇంకో ముఖ్యమైన మాట: డాట్ 5 అని విడిగా ఒకటి ఉంది, అది సిలికాన్‌ది. అది ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న మీ బండికి వద్దు, డాట్ 4తో అస్సలు కలపొద్దు. 5.1 వేరు, 5 వేరు. షాపులో అడిగేటప్పుడు ఆ చుక్క ఒకటి మర్చిపోకండి.

#6 · వేలచేరి_విజి · సోమవారం ఉదయం 9:02

ఇంజనీర్ గారు చెప్పిన ప్రతి మాటా నిజం. నేను ట్రాక్ వైపు నుంచి కొంచెం చెప్తాను. నాది ఐ20 ఎన్ లైన్, అదే సర్క్యూట్‌లో నడుపుతుంటాను.

కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్రేక్ మీద భయంతో ముందే కాలు పెట్టి, మెల్లగా, చాలా దూరం నొక్కుతూ వస్తారు. దాంతో ప్యాడ్ డిస్కును అంతసేపూ రాసుకుంటూనే ఉంటుంది, చల్లారడానికి వ్యవధి దొరకదు. స్ట్రెయిట్‌గా ఉన్నప్పుడే గట్టిగా, తక్కువసేపు నొక్కి వదిలేయాలి తమ్ముడూ. ఇది ఒక రోజులో రాదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే తొందరగా వస్తుంది, ఆ ఫీజు ఏ క్యాలిపర్ కంటే కూడా మంచి ఖర్చు.

రెండోది, సెషన్ చివరి ల్యాప్‌ను పూర్తిగా చల్లార్చడానికే వదిలేయాలి. బ్రేక్ దాదాపు వాడకుండా, గాలి తగిలేలా ఒక రౌండ్. 3.7 కిలోమీటర్ల సర్క్యూట్ అది, ఒక్క రౌండ్‌తోనే చాలా తేడా వస్తుంది. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దు. నీది డీఎస్‌జీ కాబట్టి పీ (పార్క్)లో పెట్టి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టు. వేడిగా ఉన్న డిస్కును ప్యాడ్ ఒకేచోట పట్టుకుని ఉంటే అక్కడ మచ్చ పడుతుంది.

మూడోది ఈఎస్‌పీ, అంటే బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. నువ్వు మలుపులో యాక్సిలరేటర్ తొందరపడి తొక్కిన ప్రతిసారీ అది ఏదో ఒక చక్రం బ్రేక్ పట్టి బండిని సర్దుతుంది. ఆ వేడి కూడా నీ బ్రేకుల ఖాతాలోనే పడుతుంది. అలాగని మొదటి రోజే దాన్ని ఆపేయమని నేను చెప్పను. లైట్ ఎక్కువసార్లు మిణుకుమంటే నీ డ్రైవింగ్ కొంచెం నెమ్మదించాలని అర్థం చేసుకో.

#7 · సూళ్లూరుపేట_టర్బో · సోమవారం మధ్యాహ్నం 1:30

> ఏ కంపెనీ క్యాలిపర్ వేసినా పెడల్ కిందికి పోయేదే

ఆయిల్ విషయం ఒప్పుకుంటాను సార్. కానీ మీ లెక్క ప్రకారమే డిస్కు బరువు పెరిగితే వేడి తక్కువ ఎక్కాలి కదా? అంటే పెద్ద డిస్కు లాభమే. మరి వద్దనడం ఎందుకు?

#8 · లైనింగ్_ఇంజనీర్ · సోమవారం రాత్రి 9:55

వద్దనడం లేదండీ, వరుసలో చివర అంటున్నాను. పెద్ద డిస్కు వల్ల వేడి తట్టుకునే శక్తి పెరుగుతుంది, నిజమే. కానీ ఒక అపోహ బలంగా ఉంది: పెద్ద బ్రేకులు వేస్తే బండి తక్కువ దూరంలో ఆగుతుందని. మీ బండి ఇప్పుడే గట్టిగా తొక్కితే ఏబీఎస్ కొడుతోందా? కొడుతోందంటే బ్రేకులు చక్రాన్ని బిగించేంత బలంగా ఉన్నాయన్నమాట. అక్కడి నుంచి ఆపేది టైర్లు. ఆ ఒక్కసారి ఆగే దూరం తగ్గాలంటే డబ్బు మంచి టైర్ల మీద పెట్టాలి.

ఇక పెద్ద కిట్‌తో వచ్చే చిక్కులు. ముందు క్యాలిపర్ పిస్టన్ వైశాల్యం పెరిగితే, అదే మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే సిలిండర్) ఎక్కువ ఆయిల్ నెట్టాలి, పెడల్ ప్రయాణం పెరుగుతుంది. ముందు బ్రేకుల వాటా పెరిగి వెనకవాటికి పని తగ్గుతుంది. కంపెనీవాళ్లు ఏబీఎస్‌ను, ముందు వెనక చక్రాలకు బ్రేక్ బలం పంచే ఈబీడీని అసలు క్యాలిపర్ల కొలతలకు తగ్గట్టు ట్యూన్ చేసి ఉంటారు. వేరే కొలతలు పెట్టి అంతా బాగుందని ట్రాఫిక్‌లో తిరిగితే తెలియదు, వానలో తడి రోడ్డు మీద ఒక్కసారిగా తొక్కినప్పుడు తెలుస్తుంది. ఆక్టేవియా క్యాలిపర్ల మార్పు చాలామంది చేశారు, సరిగ్గా చేసినవాళ్లవి బాగా పనిచేస్తున్నాయి కూడా. కానీ అది ముందు ఆయిల్, ప్యాడ్లు మార్చి చూసి, అప్పటికీ వేడిని తట్టుకోలేకపోతే చేయాల్సిన పని.

స్టెప్నీ గురించి కూడా ఎవరూ ఆలోచించరు. స్టెప్నీ రిమ్ మిగతావాటికంటే చిన్నదైతే పెద్ద క్యాలిపర్ మీదికి ఎక్కదు. రాత్రిపూట గూడూరు దగ్గర పంక్చరైతే అప్పుడు తెలుస్తుంది.

చిల్లుల డిస్కులు మాత్రం వద్దని గట్టిగా చెప్తాను. చిల్లు అంచు దగ్గర వేడికి పగుళ్లు మొదలవుతాయి, పైగా చిల్లులు పెట్టిన మేర ఇనుము తగ్గుతుంది. మీకు కావాల్సింది ఆ ఇనుమే. గీతలున్న డిస్కులు ఫర్వాలేదు. మంచి కంపెనీ సాదా వెంటిలేటెడ్ (లోపల గాలి ఆడే) డిస్కు అన్నిటికంటే నమ్మకం.

#9 · జీపీరోడ్_స్పేర్స్ · మంగళవారం ఉదయం 11:10

అన్నా, నేను స్పేర్ పార్ట్స్ లైన్‌లోనే ఉన్నాను కాబట్టి కొనే సంగతి చెప్తాను.

బ్రేక్ ప్యాడ్లలో నకిలీ సరుకు బాగా తిరుగుతుంది. అట్టపెట్టె మీద ప్రింటు బాగుందని నమ్మొద్దు. ప్యాడ్ వెనక రేకు చేత్తో పట్టుకుని చూడండి. దాని మీద కంపెనీ పేరు, పార్ట్ నంబరు, బ్యాచ్ నంబరు చెరగకుండా ముద్రించి ఉండాలి, పెట్టె మీది నంబరుతో కలవాలి. నాలుగు ప్యాడ్లనూ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి మందం చూడండి, తేడా కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. రేకుకీ మెటీరియల్‌కీ మధ్య గోరు పట్టేంత సందు కూడా ఉండకూడదు. జీఎస్‌టీ బిల్లు లేకుండా బ్రేక్ సామాను కొనొద్దు, మా షాపులోనైనా సరే.

బ్రేక్ ఆయిల్ డబ్బా సీలు మీ కళ్లెదుట తియ్యాలి. సగం వాడిన డబ్బా అరలో పెట్టి ఇంకో బండికి పోయడం చాలాచోట్ల మామూలే. మూత తీసిన దగ్గర్నుంచి అది తేమ పట్టుకుంటూనే ఉంటుంది.

పుదుప్పేటలో పాత క్యాలిపర్ తీసుకునేవాళ్లు దుమ్ముబూటు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) ఎత్తి పిస్టన్ మీద తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడాలి. గుంట ఉంటే కొత్త సీల్ వేసినా కారుతుంది. స్లైడ్ పిన్నులు, అంటే క్యాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు, వేలితో లాగితే రావాలి. సముద్రపు గాలి తగిలే చోట, అంటే ఈసీఆర్, తిరువాన్మియూరు వైపు తిరిగిన బండ్ల పిన్నులు బిగుసుకుపోయి ఉండటం ఎక్కువ. ఓఎంఆర్_పోలో అన్నా, నీ బండివి కూడా చూపించు. ఒక పిన్ను ఇరుక్కుంటే ఒక ప్యాడ్ మాత్రమే రాసుకుంటూ ఆ పక్క చక్రం కాలిపోతుంది.

#10 · ఓఎంఆర్_పోలో · మంగళవారం రాత్రి 8:25

సరిగ్గా అదే బయటపడింది! ముందు ఎడమ చక్రం విప్పితే లోపలి ప్యాడ్ బాగా అరిగింది, బయటి ప్యాడ్ దానికి రెట్టింపు మందం ఉంది. కింది స్లైడ్ పిన్ను చేత్తో కదల్లేదు. కుడివైపు రెండు ప్యాడ్లూ సమానంగానే ఉన్నాయి. నా వాసన ఎక్కువగా ఎడమవైపు నుంచే వచ్చింది, ఇప్పుడు అర్థమైంది. శనివారం ఎక్కాట్టుతాంగల్‌లో తెలిసిన మెకానిక్ దగ్గర పిన్నులు, బూట్లు, ఆయిల్ అన్నీ చేయిస్తాను.

ఇక ప్యాడ్లు ఏవి వేయాలి?

#11 · పాత_ఫియట్ · మంగళవారం రాత్రి 9:30

బాబూ, మీ అమ్మానాన్నలను తిరుమల తీసుకెళ్తానన్నావు, ఆ మాట పట్టుకుని రాస్తున్నాను. నేను షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగిన రోజులు చూసినవాణ్ని. అప్పటి మా ఫియట్లకు నాలుగు వైపులా డ్రమ్ములే. బ్రేక్ ఎంత తక్కువ వాడితే అంత మంచిదని అప్పుడే ఒంటబట్టింది.

రేసు ప్యాడ్లు వేసుకుని కొండ దిగొచ్చు అనుకోవద్దు. అసలు రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. తెల్లవారుజామున ఇంటి నుంచి బయల్దేరగానే ఎదురుగా ఎవరైనా అడ్డొస్తే, ఆ మొదటి తొక్కుడే నీకు కావాలి. రోజువారీ బండికి అదే అసలు పరీక్ష.

ఇక ఘాట్ సంగతి. దిగే దారిలో బండ్ల నుంచి వచ్చే ఆ బ్రేకు వాసన అందరికీ తెలిసిందే. నీకు డీఎస్‌జీ ఉంది కదా, మాన్యువల్ మోడ్‌లో వేసి రెండులో ఉంచు. బండిని ఇంజనే పట్టుకుంటుంది, మలుపు ముందు మాత్రం బ్రేక్ తొక్కి వదిలెయ్. అంతే తప్ప డీలో పెట్టి కాలు బ్రేక్ మీదే ఆనించి దిగకూడదు. తొందరగా దిగి లాభం కూడా లేదు, నిర్ణీత సమయానికి ముందే కిందికి చేరితే టోల్ గేట్ దగ్గర జరిమానా.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద అదే చెప్పింది. ప్యాడ్లు, ఆయిల్, అదే సైజు డిస్కులు అరిగిపోయేవి కాబట్టి మార్చుకుంటాం, అది మరమ్మతు. క్యాలిపర్లే మార్చడం వేరు, ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పంపి జవాబు తెప్పించుకో. ట్రాక్ మీద జరిగే నష్టం ఎలాగూ మామూలు పాలసీలో రాదు. రేసింగు, స్పీడ్ టెస్టింగ్ కింద వాడితే వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. నీ పాలసీ తీసి ‘వాడకంపై పరిమితులు’ అన్న భాగం ఒకసారి చదువు.

#12 · లైనింగ్_ఇంజనీర్ · బుధవారం ఉదయం 6:50

పెద్దాయన చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే. ప్యాడ్లు మూడు రకాలుగా చూడండి. కంపెనీ ప్యాడ్లు, లేదా అదే స్థాయివి: నిశ్శబ్దం, దుమ్ము తక్కువ, చల్లగా ఉన్నప్పుడు చక్కగా పట్టుకుంటాయి, వేడికి తొందరగా లొంగుతాయి. రెండోది ఫాస్ట్ రోడ్ రకం, అంటే ఫెరోడో డీఎస్2500, ఈబీసీ యెల్లోస్టఫ్ లాంటివి. చల్లగా ఉన్నప్పుడూ ఆపుతాయి, ట్రాక్ వేడి కూడా చాలావరకు తట్టుకుంటాయి. దానికి బదులుగా దుమ్ము ఎక్కువ, అప్పుడప్పుడూ సిగ్నల్ దగ్గర కీచుమంటాయి, డిస్కు కూడా కొంచెం ఎక్కువ అరుగుతుంది. మూడోది పూర్తి రేసు ప్యాడ్లు. అవి మీకు వద్దు.

మీ వాడకానికి రెండో రకం సరిపోతుంది. మీ మోడల్ కొలత ప్యాడ్ దొరుకుతుందో లేదో పార్ట్ నంబరుతో చూసుకోండి. సగం కంటే ఎక్కువ అరిగిన ప్యాడ్లతో ట్రాక్‌కి వెళ్లొద్దు. ప్యాడ్ మందమే వేడికి అడ్డుగోడ, అది పలచబడే కొద్దీ ఆయిల్ తొందరగా కాగుతుంది.

వెనక డ్రమ్ముల గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. డిస్కులుగా మార్చడం దండగ. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు పడుతుంది, వెనకవాటికి పని తక్కువ. డ్రమ్ములు విప్పి దుమ్ము తుడిచి, లైనర్ల మందం, వీల్ సిలిండర్ లీకు చూసుకుంటే చాలు.

స్టీల్ అల్లిక హోసులు వేస్తే పెడల్ ఫీల్ బాగుంటుంది, అంతవరకే. మీ రబ్బరు హోసులు వంచి చూసినప్పుడు పగుళ్లు ఉంటేనే ఆ ఖర్చు ఇప్పుడు పెట్టండి.

#13 · ఓఎంఆర్_పోలో · శనివారం రాత్రి 10:20

ఈరోజు పనంతా దగ్గరుండి చేయించాను. చూసింది చూసినట్టు రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది.

ముందు రిజర్వాయర్‌లో పాత ఆయిల్ సిరంజితో తీసి కొత్తది నింపారు. మాన్యువల్‌లో ఉన్న వరుస ప్రకారం ఒక్కో చక్రం దగ్గరా ఎయిర్ తీశారు. బ్లీడ్ నిపుల్‌కి పారదర్శకమైన ట్యూబు తగిలించి, ట్యూబు రెండో చివర కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచారు. నేను లోపల కూర్చుని ఆయన చెప్పినప్పుడల్లా తొక్కి పట్టుకున్నాను. వెనక చక్రాల నుంచి ముదురు గోధుమ రంగులో వచ్చింది. ముందు ఎడమ క్యాలిపర్ దగ్గర మాత్రం దాదాపు నల్లగా, చిన్న చిన్న బుడగలు వరసగా వచ్చాయి. బుడగలు ఆగి, ట్యూబులో లేత తేనె రంగు నిలకడగా కనిపించేదాకా వదల్లేదు. నిపుల్ బిగించాకే కాలు తీయాలి, లేకపోతే గాలి వెనక్కి లాగుతుందని రెండుసార్లు గట్టిగా చెప్పారు. మధ్యమధ్యలో రిజర్వాయర్ మట్టం కిందికి పోకుండా పోస్తూనే ఉన్నారు.

ఇరుక్కున్న పిన్ను తీసి కొత్త పిన్నులు, కొత్త రబ్బరు బూట్లు వేశారు, బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజు మాత్రమే రాశారు. ప్యాడ్లు ఫాస్ట్ రోడ్ రకమే. డిస్కులు మైక్రోమీటర్‌తో కొలిస్తే అంచు మీద రాసున్న కనీస మందం కంటే బాగానే ఉన్నాయి, వాటినే ఉంచాను. ఆయిల్ పెయింట్ మీద పడితే రంగు ఊడగొడుతుంది కాబట్టి ఫెండర్ మీద తడిగుడ్డ కప్పి చేశారు.

పెడల్ ఇప్పుడు రోజూ ఆగేచోటికంటే పైనే గట్టిగా ఆగుతోంది. ప్యాడ్లు బెడ్ చేయాలి (బ్రేకులు వేడెక్కించి ప్యాడ్ పొర డిస్కు మీద సమానంగా అంటేలా చేయాలి) కదా, వండలూరు–మీంజూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున చేయొచ్చా?

#14 · వేలచేరి_విజి · శనివారం రాత్రి 10:55

ఆ రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది గానీ లారీలు ఎప్పుడు ఎక్కడ ఆగి ఉంటాయో తెలియదు తమ్ముడూ. హఠాత్తుగా బ్రేక్ వేస్తే వెనకవాడి పరిస్థితి ఏమిటి? నా సలహా వేరే. ఈ వారం ఊళ్లో మామూలుగా, మెల్లగా నడుపు. ట్రాక్‌కి వెళ్లిన రోజు మొదటి సెషన్‌ను బెడ్ చేయడానికే కేటాయించు. మొదటి ల్యాప్ మెత్తగా, తర్వాత 100 నుంచి 30 దాకా మధ్యరకం బలంతో వరసగా కొన్నిసార్లు, మధ్యలో గాలి తగలనిస్తూ, పూర్తిగా ఆగకుండా. కొంచెం వాసన వస్తుంది, అది మామూలే. ఆ తర్వాత ఒక రౌండ్ చల్లార్చి బయటికి వచ్చి బండిని పూర్తిగా చల్లారనివ్వు. డిస్కు మీద సమానంగా బూడిదరంగు పొర కనిపిస్తే పని అయిందన్నమాట.

ఇంకో మాట. ప్రతి సెషన్ తర్వాత చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో చూసుకో. పోలోకి 120 న్యూటన్ మీటర్లు. వేడిగా ఉన్నప్పుడు బిగించొద్దు, చల్లారాక.

#15 · ఓఎంఆర్_పోలో · ఆదివారం రాత్రి 8:40

ఈరోజు మళ్లీ ఇరుంగాట్టుకోట్టై వెళ్లొచ్చాను. విజి గారు చెప్పినట్టే మొదటి సెషన్ బెడ్ చేయడానికే వాడాను. తర్వాతి సెషన్లలో చివరి ల్యాప్ దాకా పెడల్ కదల్లేదు! ఎడమ, కుడి డిస్కులు పిట్‌లో ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే దాదాపు ఒకే వేడి. కూడా ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకున్నాను. నేను బ్రేక్ చాలా ముందే మొదలుపెట్టి చాలాసేపు నొక్కుతున్నానని ఆయన కూడా అదే అన్నారు. దాన్ని సరిచేసుకున్నాక ల్యాప్ కూడా హాయిగా సాగింది.

ఒకటే అనుమానం. తిరిగి వస్తూ పూందమల్లి దాటాక, 80లో మెల్లగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ సన్నగా వణికింది. డిస్కులు వంకరపోయాయా? కొత్తవి వేయాలా?

#16 · లైనింగ్_ఇంజనీర్ · ఆదివారం రాత్రి 9:35

చాలా సంతోషం. డిస్కు వంకరపోయిందని అప్పుడే తేల్చేయకండి. ఇలాంటి వణుకులో చాలావరకు ప్యాడ్ మెటీరియల్ డిస్కు మీద ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అంటుకోవడమే కారణం. ఆఖరి సెషన్ అయ్యాక బండి కాసేపు ఎక్కడైనా బ్రేక్ తొక్కి ఆపి ఉంచారా?

#17 · ఓఎంఆర్_పోలో · ఆదివారం రాత్రి 9:50

పిట్‌లో లేదు సార్. కానీ సర్క్యూట్ గేటు బయట హైవే ఎక్కేచోట ట్రాఫిక్ ఆగిపోయింది, కాసేపు బ్రేక్ మీదే ఉన్నాను.

#18 · లైనింగ్_ఇంజనీర్ · ఆదివారం రాత్రి 10:10

అదే అయి ఉంటుంది. ఇంటికి బయల్దేరే ముందు బండిని ఇంకొంచెంసేపు ఊరికే నిలబెట్టి ఉంచండి ఈసారి. ఇప్పుడైతే చక్రం విప్పి డిస్కు మీద మచ్చ ఉందేమో చూడండి. మచ్చ లేతగా ఉంటే, వచ్చే ట్రాక్ సెషన్‌లో మళ్లీ అదే పద్ధతిలో బెడ్ చేస్తే చాలావరకు పోతుంది. ముదురు నీలం మచ్చలా ఉండి గోటితో తడిమితే ఎత్తు తెలిస్తే మాత్రం డిస్కు చెక్కించాలి, లేదా మార్చాలి. డయల్ గేజ్‌తో రనౌట్ (తిరిగేటప్పుడు డిస్కు ఎంత ఊగుతోందో) కొలిపించాకే ఆ నిర్ణయం తీసుకోండి.

#19 · సూళ్లూరుపేట_టర్బో · ఆదివారం రాత్రి 10:30

బ్రో, కంగ్రాట్స్. నేను 288 డిస్కులకు దాచిన డబ్బుతో ముందు నా బండికి ఆయిల్, ప్యాడ్లు, టైర్లు చేయిస్తాను. ఇంజనీర్ గారూ, ఒక ప్రశ్న: ఊళ్లో కంపెనీ ప్యాడ్లు, ట్రాక్ రోజు రేసు ప్యాడ్లు అలా మార్చుకుంటూ ఉంటే అదే డిస్కు మీద కుదురుతుందా?

#20 · లైనింగ్_ఇంజనీర్ · సోమవారం ఉదయం 7:05

కుదరదని కాదు, ఇబ్బంది ఉంటుంది. ఒక ప్యాడ్ వేసిన పొర మీద ఇంకో రకం ప్యాడ్ వెళ్తే మొదట పట్టు సరిగ్గా రాదు, వణుకు కూడా రావచ్చు. అలా చేయాలనుకుంటే ప్యాడ్లకు జతగా డిస్కులు కూడా రెండు సెట్లు పెట్టుకుని, రెండూ కలిపే మార్చండి. ఏ ప్యాడ్ ఏ వైపుదో, లోపలిదో బయటిదో మార్కర్‌తో వెనక రేకు మీద రాసి పెట్టండి. మార్చిన ప్రతిసారీ బండి కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా నిలబెట్టి పంప్ చేయండి, పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది.